తప్పంతా ప్యాకేజీ మేనేజరుది

ఏ వస్తువు మాయమైనా, ఏది విరిగినా, ఆ నేరాన్ని లినక్సు ప్యాకేజీ మేనేజరు నెత్తిన రుద్దడం ఆసుపత్రి కంప్యూటర్ల గదికి పెద్దదిక్కైన బాబాయిగారి ఏకైక వ్యసనం. ప్రోగ్రాములను ఎక్కించడం, తీసేయడం ఆ సాఫ్ట్‌వేరు పని. అయితే తీసేసేటప్పుడు, 'అసలు ఫైలు ఫలానా చోట ఉంది' అని వేలు చూపే సింబాలిక్ లింకులను ఒక్కోసారి తుడవకుండా వదిలేస్తుంది. ఆ వేలు పట్టుకుని వెళితే అక్కడ ఏమీ ఉండదు.

“ఇల్లు ఖాళీ చేసినవాడు గుమ్మానికున్న పేరు పలక పీక్కుపోవద్దూ?” అని బాబాయి ఆగ్రహం. “పలకను నమ్మి తలుపు కొట్టినవాడి గతేం కాను?”

అక్కడితో ఆగితే ఆయన బాబాయి ఎందుకవుతారు? కుర్చీ కాలు విరిగిందా, ప్యాకేజీ మేనేజరు. టీ ఫ్లాస్కు పగిలిందా, ప్యాకేజీ మేనేజరు.

“ఫ్లాస్కుకీ దానికీ ఏమిటండీ సంబంధం?” అని కొత్తగా చేరిన ఇంజనీరమ్మ అడిగింది.

“శుభ్రత లేనివాడున్న ఇంట్లో ఫ్లాస్కులు నిలుస్తాయిటమ్మా?”

ఈ పెద్దమనిషికి చాదస్తం ముదిరిందని ఆమె తీర్మానించుకుంది.

ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నెలాఖరున సూపరింటెండెంటుగారు సంతకం పెట్టాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే, డిస్కులో చోటు చాలడం లేదని, ఎక్స్‌రే ప్రోగ్రాము పాత వెర్షన్ ఫోల్డరును ఆమె స్వహస్తాలతో చెరిపేసింది. కొత్తది పక్కనే ఉంది కదా అని ధీమా. లింకు మాత్రం ఇంకా పాతదానివైపే వేలు చూపిస్తోందని చూసుకోలేదు. ఎక్స్‌రేలు తెరమీదికి రావడం మానేశాయి. ఎముకల డాక్టరు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. వరండాలో జనం చేతులు పట్టుకుని మూలుగుతున్నారు.

“పేరు కనబడుతోంది బాబాయిగారూ, తెరవబోతే ఫైలే లేదంటోంది,” అందామె. “పాత ఫోల్డరు తీసేసింది నేనే.”

ఆయన కళ్లజోడు సవరించుకుని, లింకు వేలును కొత్త వెర్షనువైపు తిప్పారు. తెరమీద ఎవరిదో మోచెయ్యి ప్రత్యక్షమైంది. విరిగిన ఎముకను చూసి ప్రాణం లేచిరావడం ఆమెకు అదే మొదలు.

అంతలో సూపరింటెండెంటుగారు ఊడిపడ్డారు. “ఎవరి నిర్వాకమిది?”

ఆమె లేవబోయింది. బాబాయి అంతకుముందే లేచారు.

“ఇంకెవరిదండీ, ప్యాకేజీ మేనేజరుది. ఇల్లు ఖాళీ చేసినవాడు గుమ్మానికున్న...”

“చాలు, చాలు.” ఆ పురాణం ఇదివరకే విన్న సూపరింటెండెంటుగారు వచ్చిన దారినే వెళ్లిపోయారు.

పక్క బల్ల దగ్గరి గుమస్తా గొంతు తగ్గించాడు. “కుర్చీ కాలు విరగ్గొట్టింది నేను. ఫ్లాస్కు పగలగొట్టింది ఆయా. ఇవాళ నీ వంతమ్మా.”

ఆమె బాబాయివైపు తిరిగింది. ఆయన కసురుకున్నారు. “చూస్తావేమిటి? ఫోల్డరు తీసేముందు దానివైపు ఎవరెవరు వేలు చూపిస్తున్నారో వెతకాలి. అది నేర్చుకో ముందు.”

సంతకం పెట్టిన కాగితాన్ని సూపరింటెండెంటుగారు స్వయంగా తెచ్చి ఇచ్చిన రోజున, బాబాయి మోచెయ్యి తగిలి, నీళ్ల గ్లాసు సూపరింటెండెంటుగారి చేతిలోని మిగతా ఫైళ్లమీద బోర్లా పడింది.

“ఎవరి నిర్వాకమిది?”

ఇంజనీరమ్మ వినయంగా లేచి నిలబడింది. “ప్యాకేజీ మేనేజరుదండీ. ఇల్లు ఖాళీ చేసినవాడు...”

పేరు పలక దాకా రాకముందే ఆయన తడిసిన ఫైళ్లతో గుమ్మం దాటారు.