నాజిల్ కింద పసుపు

నా పెళ్ళాం మా ఇంట్లో అడుగుపెట్టిన ఏడాదే ఆయిల్ ఇంజను కూడా అడుగుపెట్టింది. వాకాడుకి ఇవతల, సముద్రం హోరు వినబడేంత దూరంలో మా పొలం. పెళ్ళికి వచ్చిన జనం కంటే ఇంజన్ను చూడ్డానికి వచ్చిన జనమే ఎక్కువ. ఐదు గుర్రాల బలమని దాని మీద రాసుండేది గానీ, మా నాన్న లెక్కలో అది యాభై గుర్రాలు, పైన రెండు ఏనుగులు. అది దగ్గితే ఆయనకు జ్వరం వచ్చేది.

ఆ ఏడు దసరాకి వాన మొహం చాటేసింది. మొలగొలుకుల వరి నాట్లు వేసి పదిరోజులు. పొలం పక్క దొరువు గుంటలో నీళ్ళున్నాయి, వాటిని పైకి లాగాల్సింది ఇంజనే. ఆయుధపూజ రోజు పొద్దున్నే మా నాన్న దాని తలకాయ దగ్గర సామానంతా విప్పి, కిరసనాయిల్తో కడిగి, అరిటాకుల మీద పరిచాడు. పెళ్ళిలో నాకే అంత మంగళస్నానం జరగలేదు. బొట్లు పెట్టే పని కొత్త కోడలిదన్నారు. పద్దెనిమిదేళ్ళ పిల్ల, అత్తగారింట్లో తొలి పండగ. ఒక్క నట్టుకు బొట్టు తప్పినా కాపరం కూలిపోతుందన్నంత శ్రద్ధగా అన్నిటికీ పసుపు రాసింది, గంధం పూసింది, కుంకుమ అద్దింది. హారతి అయ్యాక మా నాన్న అన్నీ మళ్ళీ బిగించేశాడు.

మర్నాడు హ్యాండిల్ తిప్పితే ఇంజను నాలుగుసార్లు డుబ్బుమంది. డీజిలు చిమ్మే నాజిల్ దగ్గర తుస్సుమని నల్లటి పొగ వదిలి ఊరుకుంది. మళ్ళీ తిప్పాం, మళ్ళీ అంతే. రెండు రోజులు నేను ఎంత తిప్పానంటే, నా కుడిచెయ్యి ఎడమచేతి కంటే జానెడు సాగింది. ఇప్పటికీ దర్జీలు కొలత తీసుకుని నా మొహంలోకి చూస్తుంటారు. నాయుడుపేట మెకానిక్కు పండక్కి అత్తగారింటికి పోయినాడు, వచ్చేది నాలుగు రోజుల తర్వాతట. నాటిన పైరు నాలుగు రోజులు ఆగేట్టు లేదు. మడిలో నెర్రెలు ఎంత వెడల్పంటే మా పిల్లి ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లోంచి వచ్చేది.

ఈలోగా పక్కింటి పెద్దమ్మ కారణం కనిపెట్టేసింది. కొత్త కోడలి పాదం మంచిది కాదట, అందుకే ఇంజను గొంతు పట్టేసిందట. ఆ మాట మధ్యాహ్నానికల్లా మా పెరట్లోకి వచ్చింది. అంట్లు తోముతున్న నా పెళ్ళాం తల ఎత్తకుండా అడిగింది.

"ఇంజన్ బాగుకాకపోతే నన్ను మా ఊరికి పంపించేస్తారా?"

ఊరంతా నన్ను మాటకారి అంటుంది. నేను మాత్రం పోయి ఇంకో వందసార్లు హ్యాండిల్ తిప్పాను.

మూడోరోజు మా నాన్న నాజిల్ చుట్టూ నాలుగు చుక్కలు డీజిల్ పోసి నన్ను తిప్పమన్నాడు. బుడబుడా బుడగలొచ్చాయి. లోపల నొక్కుకోవాల్సిన గాలి అక్కణ్ణుంచే పోతోంది. గట్టు మీద చేరిన జనం, ముందువరసలో పెద్దమ్మ చూస్తుండగా నాజిల్ పైకి లాగాడు. కింద రాగి వాషర్‌కి పసుపూ గంధమూ కలిసి మాడిన పెచ్చు, అరంగుళం మందాన. సరే, అరంగుళం కాదు, చిలకడదుంప తొక్కంత. మాడిన పులిహోర వాసన. మా నాన్న చటుక్కున దాన్ని తీసి గుప్పిట మూసేశాడు.

వాషర్ సరిగా కూర్చోలేదనీ, బిగించింది తనేననీ జనంతో చెప్పాడు. అప్పుడే అన్నం క్యారియర్ తెచ్చిన నా పెళ్ళాం దాన్ని కింద పెట్టింది.

"కాదు మామా. దాని అడుగున కూడా పసుపు పెట్టింది నేనే."

సముద్రం కూడా కాసేపు అలలు ఆపి విన్నదని నా నమ్మకం. మా నాన్న గుప్పిట విప్పాడు.

"నువ్వు పెట్టింది నేను చూసినాను తల్లీ. బిగించేముందు తుడవాల. పూజ పసుపు కదా, తుడవను చేతులు రాలేదు. తప్పు నాది."

పెద్దమ్మ ఏదో అనబోయి, కొంగు సర్దుకుంది.

పుల్లకు గుడ్డ చుట్టి, మసి లోపలికి రాలకుండా నాజిల్ కూర్చునే గుంటను ఆయన తుడిచాడు. వాషర్‌ను నిప్పుల్లో ఎర్రగా కాల్చి నీళ్ళలో వేస్తే మెత్తబడి బాగా అతుక్కుంటుందని కోడలికి చెప్పాడు. ఆమె ఇంటికి పరిగెత్తి, పొయ్యిలో కాల్చి, చల్లార్చి తెచ్చింది. వాషర్ వేసి నాజిల్ లోపలికి దించాక పానా ఆమె చేతికే ఇచ్చాడు. నేను చెయ్యి చాపితే నావైపు చూడనైనా లేదు.

"రెండు నట్లూ మార్చి మార్చి తిప్పు, కొంచెం కొంచెం. ఒకదాన్నే బిగిస్తే నాజిల్ అటు వాలిపోతాది."

నాలుక కొస పళ్ళమధ్య పెట్టుకుని ఆమె ఇటు పావు, అటు పావు బిగించింది. నేను తిప్పాను. డుబ్బు, డుబ్బు, డుబ్బు. ఇక ఆగలేదు. గొట్టం రెండుసార్లు ఉమ్మి, ధారగా వదిలింది. ఆమె చెప్పుల్లేకుండా కాలవ వెంబడి నీళ్ళతో పందెం పెట్టుకుని మొదటి మడిదాకా పోయింది. నెర్రెల్లోకి నీళ్ళు దిగుతుంటే వంగి చూసింది.

తర్వాత తిరిగొచ్చి గట్టు మీద మా నాన్న పక్కన చతికిలబడింది. రెండురోజులుగా సరిగా మెతుకు ముట్టని పిల్ల, మామకని తెచ్చిన అన్నంలో సగం తనే తినేసింది. మిగతా సగం ఆయన తిన్నాడు. హ్యాండిల్ తిప్పినవాడి గురించి ఇద్దరికీ గుర్తు రాలేదు. నేను ఖాళీ క్యారియర్ కడుక్కొచ్చాను.