అడగకూడని ప్రశ్న
రెండుసార్లు తప్పినా పట్టువదలక మూడోసారి యూనివర్సిటీ సీటు కొట్టిన పిల్ల ఆమె. చదివేది అంతర్జాతీయ వ్యాపారం. ఏ దేశంవాళ్లకి ఎంత వంగి నమస్కరించాలో అద్దం ముందు సాధన చేస్తుంది. పరదేశీ మర్యాదల మీద క్లాసులో మాట్లాడిన రోజున, తనను పెంచిన మేనమామని ముందు వరసలో కూర్చోబెట్టింది. ఆయన గొడుగుల కార్ఖానాకి సరుకు కొనడానికొచ్చిన విదేశీ ఆవిడని "పెళ్లయిందామ్మా? పిల్లలెందరు?" అని అడిగి బేరం చెడగొట్టుకున్న వైనం, ఆయన గొంతుతోనే అభినయించింది. క్లాసంతా పగలబడి నవ్వింది. కాస్త ఆలస్యంగా ఆయనా నవ్వాడు.

ఆ ప్రసంగానికే ఆమెకి విదేశంలో ఏడాది చదువు బహుమతిగా దక్కింది. "మా పిల్లేనండీ, ఫస్టు!" అని కొనుగోలుదారులందరికీ చెప్పుకున్నాడు. వాళ్ల పిల్లల సంగతి అడగడం మాత్రం మానేశాడు. ప్రయాణం రోజున గుమ్మంలో, "ఏంటి మామయ్యా, తిన్నావా అనైనా అడగవా?" అంది. ఏది అడిగితే తప్పో తేల్చుకోలేక, ఎప్పుడొస్తావని మాత్రం అడిగాడు.

"మార్చి పద్దెనిమిదిన."