శాకాహారుల ఇంట్లో ఫైటర్ చేప

చేపలకు మేత వేయడం కూడా ఒక పనేనా అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. జల్‌పల్లిలో ఇప్పుడు మేముంటున్న ఇంట్లో చిన్న గాజు తొట్టి ఉంది, అందులో గప్పీలు ఉన్నాయి. ఇంటికొచ్చిన చుట్టాలు డబ్బా మూత తీసి గుప్పెడు మేత కుమ్మరించబోతారు. నేను చెయ్యి పట్టుకుంటాను. చేప కడుపు దాని కన్నంతే ఉంటుంది, ఎక్కువైతే మిగిలింది కుళ్లి నీళ్లు పాడవుతాయి అని చెబుతాను. నన్ను పిసినారి కింద జమకడతారు. కట్టనీ. ఈ విద్యంతా మా బాపమ్మ, అంటే నాన్నమ్మ దగ్గర, ఆమెతో పాటే నేర్చుకున్నాను. ఆమె లేని ఈ ఇంట్లో చేపల ముందు నిలబడితే చాలు, ఆ పాత వసారా, ఆ గొంతు గుర్తొచ్చి మనసు బరువెక్కుతుంది.

అప్పుడు మాది ఫలక్‌నుమా వైపు ఒక గల్లీ. మా నాన్న, అంటే బాపుకు పప్పుల హోల్‌సేల్ దుకాణం. మాంసం మాట అటుంచి, కోడిగుడ్డు కూడా మా గడప దాటి లోపలికి రాలేదు. బాపు బయట ఎగ్ పఫ్ తింటాడన్న సంగతి బాపమ్మకు తప్ప గల్లీ మొత్తానికి తెలుసు. ఎదురింటి ముస్లిం పెద్దావిడను మేమంతా ఖాలా, అంటే పిన్ని అనేవాళ్లం. ఆమెకూ బాపమ్మకూ కొత్తకోడళ్లుగా ఉన్ననాటి నుంచీ స్నేహం. పండగకు మా ఇంటికి పంపే సేమ్యా పాయసం కోసం ఖాలా ఒక గిన్నెను విడిగా దాచేది, అందులో ఇంకేదీ వండేది కాదు.

నేను డిగ్రీ చదువుతుండగా ఖాలా హజ్‌కు బయలుదేరింది. కొడుకూ కోడలూ కూడా వెంట వెళ్తున్నారు కాబట్టి ఇంటికి తాళమే. ముందు రోజు ఆమె గప్పీల తొట్టినీ, పెద్ద గాజు సీసాలో ఒంటరిగా ఉండే నీలం రంగు ఫైటర్ చేపనూ, మేత గుళికల డబ్బానూ తెచ్చి మా వసారాలో పెట్టించింది.

"అక్కా, యే అమానత్ హై. నేను వచ్చేదాంక జర పైలంగ చూస్కో."

అమానత్ అంటే నమ్మి అప్పగించిన సొత్తు. ఆ మాట అన్నాక బాపమ్మకు వేరే ఒట్టు అక్కర్లేదు. ఆ చేపలు ప్రాణాలతో తిరిగి ఎదురింటికి చేరాలి, అంతే.

మొదట్లో ఆమె అతి ప్రేమతోనే కొంప ముంచబోయింది. మూగజీవాలకు పెడితే పుణ్యమని ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరి చేతా చిటికెడు మేత వేయించింది. కూరగాయలమ్మే ఆమెకు కూడా ఆ పుణ్యంలో వాటా ఇచ్చింది. తొట్టిలో నీళ్లు గంజిలా తయారయ్యాయి. నేను ఫోన్‌లో వెతికి, కొంచెమే వేయాలనీ, వారానికి ఒక రోజు పస్తుంచినా మంచిదేననీ చదివి వినిపించాను.

"గిదేం కొత్త ముచ్చట? ఏకాదశి ఉపాసమని మా పెద్దోళ్లు ఎప్పుడో చెప్పిన్రు" అని మూతి తిప్పింది.

ఆ నెల నుంచి ఏకాదశికి గప్పీలు కూడా ఉపవాసం ఉన్నాయి. మిగతా రోజుల్లో ఉడికించిన బఠాణీ పొట్టు తీసి, వేళ్లతో నలిపి, ఆవగింజంత వేసేది. ఒక్కోసారి పాలకూర ఉడకబెట్టి సన్నగా తరిగేది. గప్పీలు రంగు తేలి హుషారుగా తిరిగాయి.

ఫైటర్ మాత్రం ససేమిరా అంది. గుళిక వేస్తే నోట్లోకి తీసుకుని ఉమ్మేసేది. బఠాణీ వైపు కన్నెత్తి చూడలేదు. కడుపు లోపలికి పోయి, సీసా అడుగున ఉలుకూ పలుకూ లేకుండా పడుకునేది. మళ్లీ ఫోన్ చూశాను. అది మాంసాహారి, నిలవ నీళ్లలో పుట్టే దోమల తోకపురుగులంటే దానికి ప్రాణం. ఆ మాట బాపమ్మతో ఎలా చెప్పాలో తెలియక నీళ్లు నమిలి, చివరికి చెప్పేశాను.

బాపు విని, "బహదూర్‌పురల చేపల దుకాన్ ఉన్నదమ్మా, గాడ పెట్టొద్దామా?" అన్నాడు.

"అమానత్‌ను ఇంకోల చేతుల పెడ్తరారా?" అని కసురుకుంది బాపమ్మ.

మర్నాడు పొద్దున పూజ కాకముందే నన్ను పిలిచింది.

"బిడ్డా, జూపార్కుల పులికి పప్పన్నం పెడ్తరా?"

"పెట్టరు బాపమ్మా."

"మరి దీని నోరు దేవుడు గట్ల చేసిండు. నా నియమం నాకు, దాని తిండి దానికి."

మిద్దె మీద పాత కూలర్ తొట్టిలో వాననీళ్లు నిలిచి ఉన్నాయి, వాటినిండా తోకపురుగులే. నేను తెస్తానంటే వినలేదు. పాపమంటూ ఉంటే తన ఖాతాలోనే పడాలట. ఒక పాత చాయ్ జాలికి ఎర్రదారం కట్టి, వంటింట్లో కలవకుండా మిద్దె మీదే పెట్టించింది. చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని జాలితో పురుగులను తీసేది. "వచ్చే జన్మల మంచిగ పుట్టుండ్రి" అని వాటికి చెప్పి మరీ సీసాలో విదిల్చేది. ఫైటర్ ఒక్క ఉదుటున పైకొచ్చి మింగేది. అప్పుడు ఆమె ముఖంలో ఒకేసారి సంతోషమూ ఏడుపూ కనిపించేవి. తర్వాత తలారా స్నానం చేసిగానీ దేవుడి గదిలోకి వెళ్లేది కాదు. వానాకాలం, రోజూ తలస్నానం. దగ్గు పట్టుకుంది. బాపు లొల్లి చేసినా మానలేదు. దగ్గుతూ మెట్లెక్కే ఆమెను చూసి నాకు ఏడుపొచ్చేది.

హజ్ నుంచి తిరిగొచ్చిన ఖాలా ఖర్జూరాలూ, మక్కా జమ్‌జమ్ నీళ్లూ తీసుకుని నేరుగా మా వసారాకే వచ్చింది. గప్పీలను చూసి నవ్వింది. పక్కన సీసాలో రెక్కలు విప్పి తిరుగుతున్న ఫైటర్‌ను చూసి అక్కడే కూలబడింది.

"ఇది జిందా ఉంటదని నేను అనుకోలే అక్కా."

"ఎందుకనుకోలే?"

"ఇది పురుగులే తింటది. గుళికలు ముట్టదు. మీ ఇంట్ల గా ముచ్చట ఎట్ల చెప్పాలె? పొయ్యే రోజే దీని మీద ఆశ వదులుకున్న."

బాపమ్మ ముఖం ఎర్రబడింది. చేపను బతికించిన గర్వమంతా ఎటో పోయి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇన్నేండ్ల సంది ఎదురుబొదురు ఉన్నం. నోరు తెరిచి ఒక్క మాట అడగనీకి నా మీద గంత నమ్మకం లేదా నీకు?"

ఖాలా ఆమె చెయ్యి పట్టుకుని కిందికి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నమ్మకం లేక కాదక్కా. అడిగితే నువ్వు కాదనవు. గది తెల్సే అడగలే."

బాపమ్మ ఏదో అనబోయింది, దగ్గు తెర అడ్డొచ్చింది. ఖాలా ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది.