ఆంబ్రోజ్ నెమలికి పట్టిన గతి

చేతిలో కత్తెర ఉంటే ఆంబ్రోజ్ టకెట్‌కి ఒళ్ళు తెలియదు. అతనితో వచ్చిన చిక్కే అది. మాది పక్కిల్లు కాబట్టి, పెళ్ళై ఈ ఊరొచ్చిన నాటి నుంచీ ఆ చిక్కును నా వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

వాళ్ళ గేటు పక్కనున్న కంచెమొక్కను వాళ్ళ నాన్న కత్తిరించి కత్తిరించి నెమలిని చేశాడు. మనిషంత ఎత్తు, గోడ మీదికి వాలిన తోక. జూన్‌లో మా నెదర్‌కోంబ్‌లో అందరూ తోటల గేట్లు తెరిచిపెట్టే రోజున, జనం మొట్టమొదట ఆగేది దాని దగ్గరే. పోయేముందు ఆ పెద్దాయన కొడుకును పిలిచి ఇల్లు జాగ్రత్త అనలేదు, అమ్మ జాగ్రత్త అనలేదు. "నెమలి జాగ్రత్తరా" అన్నాడు.

ఆంబ్రోజ్ జాగ్రత్తగానే చూసుకున్నాడు. ఏటా ఎడమ రెక్క లావైందని కాస్త కత్తిరిస్తాడు. వెనక్కి నడిచి, ఒక కన్ను మూసి చూస్తాడు. ఇప్పుడు కుడిది లావు. దాన్నీ కత్తిరిస్తాడు. మళ్ళీ ఎడమది. అతని పెళ్ళయ్యేసరికి నెమలి టర్కీకోడి అయింది. కూతురు బడికి వెళ్ళేనాటికి బాతు. పోయినేడు పావురం అనుకున్నాను నేను, పబ్బులో మాత్రం బంగాళాదుంప అన్నారు. అతని ముఖం మీద ఒక్కరూ అనరు. "ఈ ఏడు బొద్దుగా ఉందోయ్" అనేసి, వాన గురించి రెండు మాటలు మాట్లాడి జారుకుంటారు. ఆ మర్యాద చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈసారి తోటల సంఘం పెద్ద ప్రూడెన్స్ ఓట్వే గారు కబురు చేశారు. పక్షి పక్షిలా లేకపోతే, జనం చూసే తోటల వరసలో మొదటి స్థానం డాక్టరు గారింటి సిమెంటు మరుగుజ్జు బొమ్మలకి పోతుందట. ఆంబ్రోజ్‌కి అన్నం సహించలేదు. ఆవిడ వచ్చే రోజు పొద్దున్నే నిచ్చెనెక్కాడు. ముక్కు వంకరగా ఉందని సరిచేశాడు. తల పెద్దదైందని సరిచేశాడు.

నేను కిటికీ తెరిచి, "ఇక చాలు, దిగవయ్యా" అన్నాను.

"ఇంకొక్కసారి, మిల్డ్రెడ్. ఎడమవైపు చూడు, ఎంత లావుందో."

ఓట్వే గారు వచ్చేసరికి గేటు పక్కన నున్నటి ఉండ ఒకటి మిగిలింది. ఆవిడ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు.

"చాలా నున్నగా వచ్చిందండీ," అన్నారు. "ఇంతకీ ఏమిటిది?"

ఆంబ్రోజ్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తండ్రి అప్పగించిన నెమలిని తన చేతులతోనే పొట్టనపెట్టుకున్నానని అప్పుడు తెలిసినట్టుంది పాపం.

అతని భార్య హెటీ టీ పళ్ళెంతో బయటికొచ్చింది. ఉండకేసి చూసింది, మొగుడికేసి చూసింది.

"గుడ్డండీ," అంది. "మా నెమలి పెట్టింది."

"అంత తోకుండేది మగదానికే కదమ్మా?"

"అందుకే ఇన్నేళ్ళు పట్టిందండీ."

గుడ్డు పనికిరాదని సంఘం నియమాల్లో ఎక్కడా లేదు. మొదటి స్థానం కదల్లేదు. గేట్లు తెరిచిన ఆ ఆదివారం జనం గుడ్డు పక్కన నిలబడి ఫొటోలు దిగారు, పిల్లలు చెవి ఆనించి విన్నారు. మరుగుజ్జుల దగ్గర డాక్టరు గారు ఒక్కరే కేకు తింటూ కనిపించారు.

అందరూ వెళ్ళాక గోడ అవతల ఆంబ్రోజ్ గొంతు వినిపించింది.

"ఇది పిల్లవుతుందంటావా, హెటీ? నేను బతికుండగా తోక చూస్తానా?"

"చూస్తావు," అంది హెటీ, అతని చేతిలోంచి కత్తెర లాక్కుంటూ. "నువ్వు ముట్టుకోకుండా ఉంటే."