పొట్టు తీసిన విత్తనం

నా వాటాకొచ్చిన నల్లరేగడిని ఇన్నేళ్లూ మా అన్నే సాగు చేశాడు. పోయిన ఏడాది నేనే చేసుకుంటానన్నాను. అన్న నవ్వాడు.

"టౌన్లో మీ సత్యనారాయణపేట మిద్దె మీద గులాబీలు పెంచినట్లనుకుంటాండావా పాపా? ఒక్క పంట తియ్యి చూద్దాం. పోయిందా, మళ్లా నాకే ఇయ్యాల."

సరేనన్నాను. రోషం నాకు మాత్రం తక్కువా?

ఏ గోధుమ వేయాలో అడగడానికి హగరి వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి వెళ్లాను. మా వైపు చలి నిలిచేది కొద్ది రోజులే. విత్తడం ఆలస్యమైతే గింజ పాలు పోసుకునే వేళకు ఎండ మాడ్చేస్తుంది. "జవె గోదే వేయండి మేడం, ఆ రకం గోధుమ ఎండకు ఓర్చుకుంటాది. విత్తనం ఎవురిచ్చినా సరే, ముందు తడిగుడ్డలో కట్టి మొలక చూసుకోండి," అని అక్కడి ఉద్యోగి మరీ మరీ చెప్పాడు.

ఆ మాట చెవిన పడగానే అన్న మూట మోసుకొచ్చాడు. "జవె గోది నా దగ్గరే ఉండాది. నీకోసరం మరలో పొట్టు తీయించి శుభ్రం చేయించినా. ఇంగ యాడా అడగొద్దు."

ఎర్రగా, నున్నగా ఉన్నాయి గింజలు. పుట్టింటి విత్తనానికి మా ఇళ్లలో మొలక చూడరు. చూస్తే ఇచ్చినవాళ్లను అనుమానించినట్టు. ఒడి పట్టి తీసుకున్నాను. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, నా మొహం మండ!

అన్న ట్రాక్టరు డ్రైవరే రెండు చేలనూ ఒకే రోజు విత్తాడు. పది రోజులకు గట్టుకు అవతల అన్న చేను పచ్చగా సాళ్లు తేలింది. ఇవతల నాది నల్లగానే ఉంది. పనికొచ్చిన ఆమె నా చేలో మట్టి గోకి, ఒక గింజ తీసి చూసింది.

"అయ్యో అక్కా, ఇది హుగ్గి గోది కదా! పాయసానికి వండుకునేది. మరలో పడినాక యాడ మొలుస్తాది? జవెను పొట్టుతోనే విత్తాల."

గట్టు దాటి అన్న చేలో ఒక మొలక పీకాను. వేరు దగ్గర పొట్టు వేలాడుతోంది. ఒళ్లు భగ్గుమంది. పాపం, తెలియక చేశాడులే అనుకునే వీలు కూడా మిగల్చలేదు. మళ్లీ విత్తుదామంటే అదను దాటిపోయింది.

తరువాతి వారం పొలం మాటెత్తడానికి అన్న వచ్చాడు. మూటలో మిగిలిన గింజలతో బెల్లం వేసి హుగ్గి వండి, గిన్నె ముందు పెట్టాను.

"తిను అన్నా. నువ్విచ్చిన విత్తనమే. మొలవలేదు గానీ బాగా ఉడికింది."

తల దించుకుంటాడనుకున్నాను. గిన్నె ఖాళీ చేసి నా వైపు చాపాడు.

"బాగుండాది పాపా. ఇంగొంచెం పెట్టు."

పెట్టాను. మాటిచ్చాను కదా, పొలమూ ఇచ్చాను.