వెయ్యిలో ఒక తూటా

ఇక్కడ గల్ఫ్‌లో, బనియాస్ ఊళ్లో బస్సెక్కితే నా పక్కన జగిత్యాల మనిషి కూర్చున్నాడు. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. తుపాకీ కాల్చడం నేర్పే చోట పనిచేశాడట.

"కాల్చిన తూటాల తొడుగులల్ల మళ్ల మందు నింపుతరన్నా. పిస్తోలు పరీక్ష చేస్తుంటే ఒకటి తుస్సుమన్నది. గుండు గొట్టంలనే ఇరికింది, నాకు తెల్వలే. మా ముదీరు, అదే మేనేజరు, యల్లా యల్లా, జల్ది కానియ్యి అన్నడు. మళ్ల నొక్కిన. చేతిలనే పేలింది."

"అలాంటివి వెయ్యికి ఎన్ని?" అలవాటుగా అడిగాను.

"ఒకటి."

"తక్కువే" అనేశాను.

అతను నవ్వి, మూడు వేళ్ల చెయ్యి నా ముందు చాపాడు. "తక్కువనే అన్నా. నువ్వే లెక్కవెట్టు."

నా పని గ్యాస్ వాల్వుల తనిఖీ. వెయ్యికి ఒకటి లీకైనా సరుకంతా పాస్ చేసేవాణ్ణి. మర్నాడు సంతకం పెట్టబోయి ఆగాను. బకెట్లో నీళ్లు తెప్పించి, ఒక్కొక్క వాల్వుకూ గాలి పట్టించి ముంచి, బుడగలొస్తాయేమో చూడటం మొదలుపెట్టాను.