అంచులో రంగు పోగు

కరెంటు ఇవ్వగానే బోర్డు కీచుమంటుంది. చిన్న తెర మీద పచ్చటి అక్షరాల్లో ప్రోగ్రాం పేరు, వెర్షన్ నంబరు మెరిసి మాయమవుతాయి. సూరత్‌లో రోజూ చేసే పనే. అయినా ఆ కీచు వినగానే కుదురుగా కూర్చోలేను. మల్లేశన్న గుర్తొస్తాడు.

ఆయన సిరిసిల్ల నేతకారుల బిడ్డ. మావాళ్లు సాంచె అనే మరమగ్గం మీద పూలు నేయించే బోర్డులు సూరత్ పాండేసరాలోని చిన్న దుకాణంలో తయారు చేసేవాడు. నాకు ప్రోగ్రాం రాయడం నేర్పింది ఆయనే. కొత్తలో నేను ఆ వెర్షన్ వరుసను దండగనుకుని తీసేశాను. ఆయన బల్ల మీది గుడ్డ అంచు చూపించాడు.

"గీ రంగు పోగు ఎందుకేస్తర్రా?"

"అందానికా అన్నా?"

"నీ మొకం! పది సాంచల గుడ్డ ఒక్కకాడ పడితే ఏది యాడ నేసిందో తెల్వాలె గద. ప్రోగ్రాం మిషన్ భాషలకు మారినంక లోపలేముందో మనం చదవలేం. గా ఒక్క వరుసే చెప్తది. అండ్ల అబద్ధం ఉండొద్దు."

లాక్‌డౌన్ సడలి సాంచలు మళ్లీ కదిలిన రోజులవి. ఊరి బయట జోల్వాలోని ఒక సాంచల షెడ్డుకు బోర్డులు పంపాలి. సగం బోర్డులు అయ్యాక ప్రోగ్రాంలో చిన్న మార్పు చేసి మిగతావాటికి ఎక్కించాను. ఇంటికి పోయే తొందరలో వెర్షన్ నంబరు మార్చలేదు. వారం తిరక్కుండా షెడ్డు సేఠ్ ఫోన్ చేశాడు. కొన్ని సాంచల మీద గుడ్డలో పువ్వు సగంలో విరుగుతోందట. నంబర్లు వేరుగా ఉంటే చెడ్డ బోర్డులేవో ఫోన్లోనే చెప్పేవాళ్లం. అన్నిటి మీదా ఒకటే నంబరు. ఇక ఎవరో ఒకరు షెడ్డులోని జనం మధ్యకు వెళ్లి, ఒక్కో సాంచె నడిపి చూడాలి.

వెళ్లాల్సింది నేను. భయమేసింది.

"గొంతు గరగరమంటున్నదన్నా," అన్నాను. అబద్ధం.

"అయితే ఇంట్లనే ఉండు. ఉప్పునీళ్లు పుక్కిలించు. నేను పోయొస్త తియ్."

మాస్కు మీద మాస్కు కట్టుకుని స్కూటర్ మీద వెళ్లాడు. కొన్నాళ్లకు ఆయనకు జ్వరం వచ్చింది. షెడ్డులో అంటుకుందో, కూరగాయల బండి దగ్గర అంటుకుందో ఎవరూ చెప్పలేరు. ఆ మాటనే అడ్డం పెట్టుకుని నిద్రపోవాలని ఎంతో ప్రయత్నించాను. కుదరలేదు. ఆసుపత్రి నుంచి ఆయనే ఫోన్ చేశాడు, ఆయాసపడుతూ.

"గొంతెట్లుందిరా?"

నిజం చెప్పడానికి అదే సమయం.

"తగ్గిందన్నా."

"మంచిది. నంబరు మార్చినవా?"

"మార్చిన." అదొక్కటే నిజం.

ఆయన తిరిగి రాలేదు. దుకాణం ఇప్పుడు నేనే నడుపుతున్నాను. తలుపుకు తాళం వేశాక కూడా మళ్లీ తీసి, నంబరు మార్చానో లేదో చూసుకుంటాను. బోర్డు కీచుమంటుంది, పచ్చటి వరుస వెలుగుతుంది. అందులో ప్రతి అక్షరం నిజమే. అది ఆరిపోయేలోగా నా చేయి దానంతటదే గొంతు మీదికి పోతుంది.